కేరాఫ్ పటేల్ బంగ్లా

వికారాబాద్,
12 నవంబర్ 2025

యాలాల్ మండలం నల్లబండ గ్రామ నివాసి శ్రీమతి మొగులమ్మ గారికి, ఏసుదాసు కవి స్మారక గృహ సమితి కార్యదర్శి కుమారస్వామి నమస్కరించి వ్రాయునది.

మీ ఊళ్లో పుట్టి మీ ఊళ్లోనే కన్నుమూసిన ప్రజాకవి ఏసుదాసు గారి పేరు మీరు వినే ఉంటారు. విననిచో ఈ ఉత్తరంతో విన్నట్లే. వచ్చే ఫిబ్రవరి 12న ఆ మహనీయుని శతజయంతి. ఆయన నివసించిన చారిత్రక గృహాన్ని, అంటే మీ ఊరి పటేల్ బంగ్లాను, ఆ కుటుంబ వారసులూ మా సమితి అధ్యక్షులూ అయిన శ్రీ పాండురంగం గారు పెద్ద మనసుతో సమితికి అప్పగించారు. పైకప్పు బాగు చేయించాము. దర్వాజలకు రంగులు, గోడలకు సున్నం వేయించాము. జయంతి నాడు ప్రారంభోత్సవం.

ఇక అసలు విషయం. బంగ్లా వెనుక, వాడ మొదట్లో, మీరు ఉంటున్న నాపరాళ్ల ఒంటిగది ఒకటి ఉంది. అతిథుల వాహనాలు నిలపడానికి మాకు వేరే జాగా దొరకలేదు. సదరు కట్టడానికి చారిత్రక ప్రాధాన్యం ఏమీ లేదని మా వాహనాల ఉపసంఘం స్వయంగా వచ్చి, బయట నుంచే చూసి, తేల్చింది. కాబట్టి జయంతికి ముందే ఖాళీ చేసి సహకరించగలరు. పంచాయతీ తీర్మానం నకలు జతపరిచాము. మీకు వేరేచోట జాగా చూపించే విషయం పరిశీలనలో ఉంది.

ఫోన్ చేయవద్దని మనవి. కవిగారు పోస్టుకార్డుల కాలపు మనిషి. ఆయన గౌరవార్థం సమితి వ్యవహారాలన్నీ ఉత్తరాల మీదనే నడపాలని తీర్మానించుకున్నాము.

సాహితీ సేవలో,
కుమారస్వామి
(విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

తా.క.: కవిత్వం మీద ఏమాత్రం అభిమానం ఉన్నా జయంతికి తప్పక రాగలరు. మీ వాహనం నిలుపుకోవడానికి విశాలమైన స్థలం ఉంటుంది.



తాండూరు,
20 నవంబర్ 2025

గౌరవనీయులైన కార్యదర్శి గారి సముఖానికి, మొగులమ్మ మనవరాలు జ్యోతిరాణి వినయపూర్వకంగా విన్నవించుకునేది.

ఇక్కడ మేము క్షేమం. మీ ఉత్తరం రాకముందు ఇంకొంచెం క్షేమంగా ఉండేవాళ్లం.

నేను తాండూరులో ఒక బండల పాలిష్ యూనిట్‌లో బిల్లులు రాస్తాను. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివాను గానీ, ఇన్ని చదరపు అడుగుల బండ అని రాయడానికి అలంకారాలేవీ అవసరం పడలేదు. ఇన్నాళ్లకు మీ పుణ్యమా అని పనికొస్తున్నాయి. కాగితం మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడకండి, అది రాతి దుమ్ము. నా మీద కూడా ఉంటుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. అందుకని ఆదివారం ఊరికి పోయి, మీ ఉత్తరాన్ని ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి చదివినప్పుడు ఎవరో గొప్పాయన గురించి అనుకుని ఊరుకుంది. రెండోసారి, ఊరు పేరు, మనిషి పేరు, తారీఖు కలిపి చూసుకుని అడిగింది:

"ఏసుదాసంటే మా నాయిన గాదే?"

అయ్యా, నేను విన్నవించుకునేది అదే. మీ కవి ఏసుదాసు మా మొగులమ్మకు కన్నతండ్రి. ఆయనకు ఆమె ఒక్కతే సంతానం. ఆయన ఉన్న ఇల్లే మీరు కూలగొడతామన్న ఇల్లు. మీరు సున్నం వేయించిన ఇల్లు ఆయనది కాదు. గనిలో పగిలి పనికిరాకుండా పోయిన బండలను ఆదివారాలు తలమీద మోసుకొచ్చి, ఏడేళ్లపాటు పేర్చి, ఆ ఒంటిగది కట్టుకున్నాడు. అందులోనే పాటలు కట్టాడు, అందులోనే చనిపోయాడు. ఆయన మంచం వేసిన మూల ఇప్పటికీ ఉంది. ఉపసంఘం వారు లోపలికి తొంగి చూసి ఉంటే మా నాయనమ్మ చూపించేది, టీ కూడా పెట్టేది.

ఇంటి జోలికి రావద్దని ప్రార్థన.

తమ విధేయురాలు,
జ్యోతిరాణి

తా.క.: మా నాయనమ్మకు వాహనం లేదు. ఒక మేక ఉంది. ప్రస్తుతం దాన్ని ఇంట్లోనే నిలుపుతున్నాం. మీ విశాలమైన స్థలంలో దానికేమైనా గీత గీసి ఇస్తారా?



వికారాబాద్,
1 డిసెంబర్ 2025

చిరంజీవి జ్యోతిరాణికి ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని సమితి సమావేశంలో నేనే గొంతెత్తి చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేకపోయారు. అప్పుడే మిర్చీలు రావడం కూడా ఒక కారణమనుకో. కవిగారికి వారసులు ఉన్నారన్న సంగతి మాకెవరికీ తెలియదు. పాండురంగం గారికీ తెలియదట. ఆ వెనకింట్లో ఎవరో వాడవాళ్లు ఉంటారని మాత్రం తెలుసట.

అమ్మా, నీ భావం మాకు పూర్తిగా బోధపడింది. అంతటి బంగ్లాలో ఉన్న మనిషి, చివరి దశలో సమస్తం వదిలేసి, స్వహస్తాలతో కట్టుకున్న ఒంటిగదిలోకి వెళ్లిపోయాడు. ఏమి వైరాగ్యం! ఇలాంటి ఘట్టం చేతికొచ్చాక ప్రత్యేక సంచికలో వేయకుండా ఉండగలమా? శీర్షిక కూడా పెట్టేశాను: "బంగ్లాను వీడిన బైరాగి".

బంగ్లా ఆయనది కాదని నీవు రాసింది కూడా గమనించాము. హక్కుల లోతుల్లోకి మేము పోము. ఒకవేళ బంగ్లాలో వాటా అడిగే ఉద్దేశమేదైనా ఉంటే మాత్రం, పాండురంగం గారిది సున్నితమైన మనసు, ఇప్పుడు ఆ ప్రస్తావన తేవద్దు. కవిగారు అక్కడ నివసించారనడానికి మా వద్ద కాగితపు సాక్ష్యమే ఉంది. ఆయన పాటలు అచ్చువేసిన హైదరాబాదు పత్రికా సంపాదకుడు ఆయనకు రాసిన నాలుగు పోస్టుకార్డులు బంగ్లా అటక మీద దొరికాయి. నాలుగింటి మీదా "ఏసుదాసు కవి గారు, కేరాఫ్ పటేల్ బంగ్లా, నల్లబండ" అని ఉంది. ముద్ర కూడా పడి ఉంది. తపాలా శాఖను మించిన సాక్షి ఎవరమ్మా?

మీ నాయనమ్మ గారిని అడిగి ఈ క్రింది వివరాలు పంపు. కవిగారు బంగ్లాలో ఏ గదిలో కూర్చుని రాసేవారు? ఏ కిటికీలో నుంచి వానను చూసేవారు? భోజనం ఎక్కడ చేసేవారు? పటేల్ కుటుంబంతో ఆయన అనుబంధం ఎలాంటిది? ప్రతి చోటా ఒక ఫలకం పెట్టిస్తున్నాము, రాయి ఇప్పటికే కోయించాము.

ఒంటిగది తొలగింపు విషయం వాహనాల ఉపసంఘానిది. నాది సాహిత్య ఉపసంఘం. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరాదని మా నియమావళిలో మూడో నియమం.

శుభాశీస్సులతో,
కుమారస్వామి

తా.క.: స్మారక గృహ ఆవరణలో పశువులకు ప్రవేశం లేదు. అయితే మేక మీద కవిగారు ఒక్క పాటైనా కట్టి ఉంటే ఆధారంతో సహా పంపు, ప్రత్యేక కేసుగా పరిశీలిస్తాము.



తాండూరు,
14 డిసెంబర్ 2025

పూజ్యులైన కార్యదర్శి గారికి జ్యోతిరాణి నమస్కారాలు.

మేము బంగ్లాలో వాటా అడగడం లేదు. బంగ్లాను మొత్తంగా మీకే వదిలేస్తున్నాం. మా ఇల్లు మాకు వదిలేయమంటున్నాం, అంతే.

మీ ప్రశ్నలు చదివాను, నాయనమ్మ చెప్పింది, నేను చెప్పినది చెప్పినట్లు రాశాను. దయచేసి దీనికి శీర్షిక పెట్టకండి.

ఏ గదిలో కూర్చుని రాసేవాడని అడిగితే, ఆమె నా మొహం చూసింది. "ఏ అర్రలకు రానిచ్చిండ్రు బిడ్డా? బాయికాడ మోట కొట్టుకుంట కట్టెటోడు. ఇంటికొచ్చినంక యాదికుంటే బొగ్గుతోని బండమీద రాసెటోడు."

ఏ కిటికీలో నుంచి వానను చూసేవాడు? "వానలనే ఉండెటోడు, ఎడ్లతోని. సూసుడెక్కడిది?"

భోజనం బంగ్లా వెనుక గోడ దగ్గర. కంచం మా ఇంటి నుంచే పట్టుకుపోయేవాడు. తిన్నాక కడుక్కుని మళ్లీ తెచ్చుకునేవాడు. బంగ్లాలో కంచాలకు కొదవ లేదు, ఆయనకు పెట్టే కంచానికే కొదవ.

పటేల్ కుటుంబంతో అనుబంధం గురించి అడిగినప్పుడు ఆమె కాసేపు మేకకు ఆకు వేసింది. తర్వాత అన్నది: "తొమ్మిదేండ్లకు జీతం పెట్టిండ్రు. నలభై రెండేండ్లకు ఎద్దు పొడిచి కాలిరిగింది. అప్పుడు ఇడిసిపెట్టిండ్రు."

మీరు వికారాబాద్ టౌన్‌లో పెరిగినవారు కాబట్టి వివరిస్తాను. జీతం ఉండటమంటే ఉద్యోగం కాదు. పొద్దు పొడవక ముందు పోయి, పేడ తీసి, పశువులను కాసి, పొలం దున్ని, పొద్దుగూకినాక ఇంటికి రావడం. ముప్పై మూడేళ్లు ఆయన ఆ బంగ్లాలో ఉన్న మాట నిజమే. మా యూనిట్‌లో రాయి కోసే మిషన్ కూడా ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది, యూనిట్ దాని చిరునామా కాదు.

ఇక మీ పోస్టుకార్డులు. ఆ రోజుల్లో పోస్టుమాన్ వాడలోకి వచ్చేవాడు కాదు. వాడకు వచ్చిన ఉత్తరాలన్నీ పటేల్ బంగ్లాలో పడేసి పోయేవాడు. అందుకే వాడలో అందరి చిరునామా కేరాఫ్ పటేల్ బంగ్లానే. మీ లెక్కన నల్లబండ వాడలో నలభై కుటుంబాలూ బంగ్లాలోనే కాపురం ఉన్నట్టు. పటేల్ గారు అరుగు మీద కూర్చుని ఒక్కో కార్డూ నలుగురి ముందు చదివించి, నవ్వుకుని, ఆ తర్వాత ఇచ్చేవారు. ఆ నాలుగు కార్డులు అటక మీద దొరికాయంటే, అవి ఇవ్వలేదని అర్థం. పత్రికకు పంపిన తన పాటలు అచ్చయ్యాయన్న సంగతి ఆయనకు పోయేదాకా తెలియదు. మా నాయనమ్మకు పోయిన ఆదివారం తెలిసింది.

విధేయురాలు,
జ్యోతిరాణి

తా.క.: మేక మీద మా ముత్తాత పాటేమీ కట్టలేదట. పటేల్ గారి ఎడ్ల మీద కట్టాడు. ఎడ్లకు మాత్రం బంగ్లా దర్వాజ లోపలికి ప్రవేశం ఉండేదట.



వికారాబాద్,
2 జనవరి 2026

చిరంజీవి జ్యోతిరాణికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.

నీ జవాబులు ప్రత్యేక సంచికకు వన్నె తెచ్చాయి. సంపాదక వర్గం స్వల్పంగా సరిదిద్దింది. "వానలో తడుస్తూ ప్రకృతితో మమేకమైన కవి", "నాలుగు గోడల మధ్య భోజనానికి ఒప్పుకోని స్వేచ్ఛాజీవి", "మూగజీవాలతో ముప్పై మూడేళ్ల మైత్రి" అని మూడు ఫలకాలు సిద్ధమయ్యాయి. రాయి మీ తాండూరుదే.

జీతం సంగతి అధ్యక్షులతో మాట్లాడాను. వారు నొచ్చుకున్నారు. "ఎన్నిమార్ల పిలిచినా లోపలికొచ్చెటోడు గాదంట సారూ. మా తాత చెప్తుండె. మొహమాటం మనిషి" అన్నారు. ఇది కూడా ఒక ఫలకంగా వేయవచ్చునా అని ఆలోచిస్తున్నాము.

పోస్టుకార్డులు ఇవ్వలేదన్న మాట మాత్రం తొందరపాటు. ఇవ్వకపోవడం వల్లనే కదా భద్రంగా ఉన్నాయి! కవిగారి చేతికి వెళ్లి ఉంటే ఈపాటికి చిరిగిపోయేవి. పరిరక్షణ అంటే ఏమిటో పటేల్ గారికి ఆనాడే తెలుసన్నమాట.

ప్రదర్శన గదులు చూస్తే నీకు ముచ్చటేస్తుంది. పందిరి మంచం, గంధపు కర్ర అల్మారా, సిరా పెన్ను, వెండి కళ్లజోడు, అన్నీ అధ్యక్షుల ఇంటి నుంచి వచ్చినవే. కవిగారు ఇవే వాడారని మేము ఎక్కడా రాయలేదు. "కవిగారి గది" అని మాత్రం రాశాము.

నీ కోరిక మేరకు వాహనాల ఉపసంఘాన్ని కదిలించాను, మూడో నియమాన్ని మీరి మరీ. బంగ్లాకు అవతలి వైపు కంది చేను ఉంది, కోత కూడా అయిపోయింది. కానీ అది పాండురంగం గారిది. కార్లు తిరిగితే నేల గట్టిబడుతుందట. రైతు బాధ రైతుకే తెలుస్తుంది.

జయంతి నాటి ఉదయం వికారాబాద్‌లో సభ, సాయంత్రం నల్లబండలో ప్రారంభోత్సవం. మీ నాయనమ్మ గారికి సభలో సన్మానం. కారు పంపుతాము.

శుభాశీస్సులతో,
కుమారస్వామి

తా.క.: శాలువా ఏ రంగుదైతే బాగుంటుందో అడిగి రాయి. ఇల్లు తప్ప ఏదడిగినా కాదనము.



తాండూరు,
27 జనవరి 2026

కార్యదర్శి గారికి,

ఈసారి ఎగతాళి తగ్గించి రాయమని నాయనమ్మ చెప్పింది. పెద్దవారితో అలా మాట్లాడకూడదట. కాబట్టి తగ్గిస్తున్నాను.

శాలువా ఏ రంగైనా పర్వాలేదు. కళ్లజోడు మాత్రం తీసేయండి. మా ముత్తాతకు చివరిదాకా చూపు బాగుంది, కనబడేదంతా బాధపెట్టేదే కాబట్టి కళ్లజోడు పెట్టుకోవాలనే కోరిక ఆయనకు ఎన్నడూ కలగలేదు. తగ్గించడం ఇంతవరకే నా వల్ల అయింది.

ఇంటికి ఆధారాలు అడిగితే ఇవ్వలేదని రేపు మీరు అనకూడదని రాస్తున్నాను. చర్చి రిజిస్టర్‌లో మొగులమ్మ బాప్తిస్మం దగ్గర తండ్రి పేరు ఏసుదాసు, ఇల్లు "వాడ మొదటిది" అని ఉంది. ఇప్పుడు కూడా మా ఇల్లే వాడలో మొదటిది. ఆ పేజీ ఫొటో జతపరుస్తున్నాను.

రెండోది, గుమ్మం. మా ఇంటి గుమ్మం పైన అడ్డంగా వేసిన బండ మీద ఆయన ఉలితో స్వయంగా చెక్కిన అక్షరాలు ఉన్నాయి. అప్పటి చర్చి పాస్టరమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు కాబట్టి కొంచెం వంకరగా ఉంటాయి. "ఈ దర్వాజల తల వంచే పని లేదు" అని రాసుంది. బంగ్లా ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని, తల వంచుకుని పోవాలి. అందుకని సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు గుమ్మాన్ని తన ఎత్తు కంటే జానెడు పైకి లేపాడు. ఊళ్లో అందరూ నవ్వారట, ఇంత పొట్టి ఇంటికి అంత పొడుగు గుమ్మమా అని. మీరు రాసుకున్న శతజయంతి వ్యాసాలన్నీ కలిపినా ఆ బండమీది ఒక్క ముక్కకు సరిరావు. ఇది ఎగతాళి కాదు, తెలుగు విద్యార్థినిగా నా అభిప్రాయం.

ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఒక్కరు, ఒక్కసారి, వచ్చి ఆ గుమ్మం కింద నిలబడండి. అప్పటిదాకా జేసీబీని ఆపండి. నాయనమ్మకు డెబ్బై ఆరేళ్లు. ఆమెకు వేరే ఇల్లు లేదు, వేరే ఊరు తెలియదు.

సన్మానానికి ఆమె వస్తుంది. శాలువా కోసం కాదు. మైకులో ఒక మాట చెప్పాలట.

జ్యోతిరాణి

తా.క.: మీరు వచ్చే రోజు ముందే రాయండి. తొంగిచూసే శ్రమ లేకుండా తలుపులు తీసి పెడతాము.



వికారాబాద్,
18 ఫిబ్రవరి 2026

చిరంజీవి జ్యోతిరాణికి ఆశీస్సులు.

శతజయంతి ఇంత ఘనంగా జరుగుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. పదహారు ఉపన్యాసాలు! హాలులో నీవు వెనుక వరుసలో కూర్చున్నావని తర్వాత తెలిసింది, ముందే చెబితే ముందు వరుసలో వేయించేవాణ్ణి. మీ నాయనమ్మ గారు మాట్లాడే సమయానికి మైకు మొరాయించింది, అయినా ఆమె పెదవుల కదలికను బట్టి సమితిని కొనియాడుతున్నారని అందరికీ అర్థమై చప్పట్లు కొట్టారు.

నీ జనవరి ఉత్తరం విషయం. ఉత్సవాల హడావుడిలో అది జయంతి మర్నాడు విప్పాను. విప్పగానే ఉపసంఘానికి పంపాను. పని అప్పటికే పూర్తయిందని జవాబు వచ్చింది. మనం వికారాబాద్ సభలో ఉన్న సమయంలోనే అయిందట. సామాన్లకు ఏ నష్టమూ జరగలేదు. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచులు, పొయ్యి, మేక, అన్నీ జాబితా రాసి బయట పెట్టించారు.

సాయంత్రం ఊరికి వచ్చినప్పుడు ఆ స్థలంలో మొట్టమొదట నిలిచిన కారు మీ నాయనమ్మ గారు వచ్చినదే. అది యాదృచ్ఛికం కాదు. గౌరవంగా ఉంటుందని నేనే అలా ఏర్పాటు చేశాను. ఆమె చాలాసేపు కారు దిగలేదు. ఆనందంతో అలసిపోయి ఉంటారని మేము కదిలించలేదు.

అమ్మా, నేను బడిపంతులుగా ముప్పై ఐదేళ్లు చేశాను. తప్పు చేసిన పిల్లవాణ్ణి నిలబెట్టడమే తెలుసు, నేనే నిలబడాల్సి వస్తే ఎలాగో తెలియదు. అందుకని కొన్ని పరిహారాలు ఆలోచించాను.

మొదటిది, ఆ గుమ్మపు బండను శిథిలాల్లో నుంచి ఏరించి, బంగ్లా నడిమి గదిలో అద్దాల పెట్టెలో పెట్టించాను. "కవిగారి గృహ సమీపంలో దొరికిన పురాతన శిల" అని చీటీ రాయించాము. పెట్టె కొంచెం కిందికి, మోకాలి ఎత్తున ఉంది. దాని వల్ల చదవాలనుకున్న ప్రతివారూ కవిగారికి తల వంచి నమస్కరించినట్లే ఉంటోంది. చాలా బాగుంది.

రెండోది, సమితి మీ నాయనమ్మ గారిని స్మారక గృహంలో ఊడ్చే పనికి నియమించింది. ఉత్తర్వు నకలు జతపరిచాను. విధి: "స్మారక గృహంలో కవిగారికి సంబంధం లేని ఏ వస్తువూ, చెత్తా మిగలకుండా ప్రతిదినం శుభ్రపరచుట." ఉండటానికి వసతి కూడా అక్కడే, వెనుకనున్న ఎడ్ల కొట్టాన్ని బాగు చేయించాము. తండ్రి గారి ఇంట్లోనే బిడ్డకు ఆశ్రయం. ఈ తీర్మానాన్ని పాండురంగం గారే ప్రతిపాదించారు.

ఆశీస్సులతో,
కుమారస్వామి

తా.క.: ఉద్యోగంలో చేరే నాడు శాలువా కప్పుకుని రమ్మను. పత్రికలకు ఫొటో కావాలి.



తాండూరు,
9 మార్చి 2026

కార్యదర్శి గారికి జ్యోతిరాణి నమస్కారం.

మైకులో ఆమె ఏమన్నదో నాకు కూడా వినబడలేదు. తర్వాత అడిగాను. "ఎట్లయిన మా ఊరికొస్తున్నరు గద, మా ఇల్లు ఒకసారి చూసిపోండ్రి" అన్నదట. చప్పట్లు ఆ మాటకే పడ్డాయి.

ఆ సాయంత్రం కారు దిగాక ఆమె తన ట్రంకు పెట్టె మీద కూర్చుంది. ప్రారంభోత్సవం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది. వచ్చే కార్లకు అడ్డంగా ఉందని మీ వాళ్లు రెండుసార్లు పెట్టె జరిపించారు. మూడోసారి పక్కింటి ఇంద్రమ్మ వచ్చి పెట్టెనూ మేకనూ తీసుకుపోయింది. నేను నాయనమ్మను తీసుకుని తాండూరు వచ్చాను. నాదీ ఒంటిగదే. గడప దగ్గరికి వచ్చి తల వంచబోయి, మధ్యలో ఆగి, లోపలికి వచ్చింది.

మీ ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు నేను చింపేద్దామన్నాను. ఆమె వద్దన్నది. విధి ఏమిటో ఇంకోసారి చదవమన్నది. ఇంకోసారి చదివాను. మూడోసారి కూడా చదవమన్నది. సోమవారం పోయి చేరతానన్నది.

సోమవారం ఆమె చేసిన పనిని మీ నియమావళి ప్రకారం నివేదిస్తున్నాను, ఎందుకంటే మీకు ఈపాటికి పాండురంగం గారి నుంచి వేరే రకం నివేదిక అంది ఉంటుంది.

పొద్దున ఎనిమిదింటికి శాలువా నడుముకు బిగించి చీపురు పట్టుకుంది. ట్రాలీ ఆటో నడిపే బీరప్పనూ, వాడలో ఇద్దరు మనుషులనూ తోడు పిలిచింది. ఒక్కో వస్తువు దగ్గర నిలబడి, ఇది మా నాయినదా అని తనను తానే అడిగి, కాదని చెప్పుకుని, బయట పెట్టించింది. పందిరి మంచం, అల్మారా, సిరా పెన్ను, కళ్లజోడు. పటేల్ గారి తాతల పటాలు మూడు. ఫలకాలు గోడలకు గట్టిగా పట్టుకుని ఉన్నాయి, బీరప్ప గడ్డపార తెచ్చాడు. పోస్టుకార్డుల దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. చివరికి, అందనివి ఆయనవెట్లయితయి అని వాటిని కూడా తీయించింది. అన్నీ మీ వాహనాల స్థలంలో జాగ్రత్తగా వరుసలో పెట్టించి, జాబితా రాయించింది. జాబితా నకలు జతపరుస్తున్నాను.

గుమ్మపు బండ విషయానికొస్తే, దాని మీద మీరే రాయించిన చీటీ ఉంది. కవిగారి గృహ సమీపంలో దొరికినదట. అంటే కవిగారిది కాదు. మీ చీటీని మన్నించి దాన్ని కూడా బయటికే తెచ్చాము. అది ట్రాలీలో తాండూరు వచ్చింది. మా ఓనరు దానికి పాలిష్ పట్టిద్దామన్నాడు, వద్దన్నాను. ప్రస్తుతం నా గదిలో గోడకు ఆనించి ఉంది. దాన్ని మోయగల గుమ్మం మా దగ్గర లేదు.

పన్నెండింటికల్లా బంగ్లాలో అర్రలన్నీ ఖాళీ. ఆ తర్వాత ఆమె ఊడవడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగాక లోపలికి అడుగుపెట్టడం ఆమెకు ఆ రోజే మొదలు. నడిమి గది, పడకగది, వంటిల్లు, మూలమూలా ఊడ్చింది. నేను అరుగు మీద కూర్చుని చూశాను. చీపురు ఇమ్మంటే ఇవ్వలేదు. వెనక్కి పోయి ఎడ్ల కొట్టం కూడా ఊడ్చింది. మీరిచ్చిన వసతి అదే కదా. అక్కడ మాత్రం ఉండనన్నది. ఆ కొట్టంలో తన తండ్రి పేడ తీశాడని కాదు, వాననాడు అక్కడే ఒదిగి కూర్చుని కంచంలో అన్నం తినేవాడని, ఆ చోటు మీద తను నిద్రపోలేనని చెప్పింది.

తాళం వేసి చెవి ఇంద్రమ్మ చేతిలో పెట్టాక, నేను రాజీనామా ఉత్తరం రాయనా అని అడిగాను. ఏం రాయమంటావని కూడా అడిగాను. ఆమె చెప్పినదాన్ని ఒక్క అక్షరం సరిదిద్దకుండా రాస్తున్నాను. మీరు కూడా సరిదిద్దకండి.

"గా ఇంట్ల మా నాయినది ఏమున్నదో ఎతికి సూసిన సారూ. పనొక్కటే ఉండె. గదిగూడ చేసొచ్చిన."

కింద ఉన్నది ఆమె వేలిముద్ర. సిరా మీ పెన్నులోది కాదు, మా బిల్లుల స్టాంపు ప్యాడుది.

మొగులమ్మ తరఫున,
జ్యోతిరాణి

తా.క.: శనివారం వికారాబాద్ నుంచి ఒక కాలేజీ బస్సు వచ్చిందట. ఇంద్రమ్మ తాళం తీసి చూపించింది. వాళ్లు ఖాళీ అర్రలన్నీ తిరిగి, సందర్శకుల పుస్తకంలో రాసి పోయారు. ఇంద్రమ్మ కూతురు ప్రణవి దాన్ని ఫొటో తీసి పంపింది. "ఇంత పెద్ద ఇంట్లో పుట్టి కూడా కవిగారు తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. మా కళ్లు చెమర్చాయి. ఇల్లు చాలా శుభ్రంగా ఉంది."